బరఫ్ మీద మసి

దేవరకొండ దగ్గరి మిషను బడిలో పాఠాలు చెప్పి చెప్పి గొంతు అరిగిన బాలస్వామికి పెద్ద పంతులు పని తనదేనన్న ధీమా ఉండేది. దానికి గండి కొట్టడానికే అన్నట్టు హైద్రాబాదు చదువుతో రామచంద్రం దిగాడు. ఇక బడి నడిపే పాద్రి దొర ఏ సంగతైనా "రామచంద్రం ఏమంటాడు?" అనడమే. వింటే బాలస్వామికి కడుపులో మంట.

పెద్ద పంతులెవరో దొర తేల్చే రోజు రానే వచ్చింది. ఆ రోజే రామచంద్రం బస్సు మీద గోనెసంచిలో చుట్టిన బరఫ్ గడ్డ, అదే ఐసుగడ్డ, తెప్పించాడు! ఉత్తర ధ్రువంలో మంచు కరుగుతోందట, ఎందుకో చూపిస్తాడట. ఊరంతా వచ్చింది. బాలస్వామి లెక్కలు చెబితే ఏనాడైనా కుక్కయినా తొంగిచూసిందా?

దొర ప్రార్థన మొదలుపెట్టగానే అందరూ కళ్లు మూశారు. బాలస్వామి మూయలేదు. వెనక్కి జారి, పొయ్యిలో బొగ్గు నలిపి, గోనెసంచి విప్పి గడ్డకు పట్టించాడు. మురికిగడ్డ తెచ్చాడని వాణ్ని ఊరంతా ఛీకొట్టాలి. దొర ప్రార్థనంటే అన్నం ఉడికేంత సేపుంటుందని అతని ధైర్యం. ఖర్మ! సగం పూశాడో లేదో "ఆమెన్" వినబడింది.

గడ్డను ఎండలో పెట్టి సంచి తీయగానే ముందు నిలబడ్డ రైతు బీరన్న పకపకా నవ్వాడు. "గిదేంది పంతులూ, సగం పొయ్యిల పొర్లిందా?"

రామచంద్రం బిత్తరపోయాడు. తర్వాత బాలస్వామి చేతులు చూశాడు. బాలస్వామి వాటిని చప్పున వెనక్కి దాచుకున్నాడు.

"నవ్వకు బీరన్నా, సూడు," అన్నాడు రామచంద్రం. "ధ్రువంల మంచు ఎందుకు కరుగుతదంటే, సూర్యుని వేడి ఎక్కువ తక్కువయితది, సముద్రంల ఎచ్చటి నీళ్లు అటు మళ్లుతయి. అవి మన చేతుల లేవు. కానీ మనుషులు కాల్చే బొగ్గు పొగ దుప్పటిలెక్క వేడిని ఆపుతదంటున్నరు. దాని మసి తెల్లటి మంచు మీద పడితే ఎండను గుంజుకుంటది."

చూస్తుండగానే నల్లసగం గుంటపడి కారిపోయింది. తెల్లసగం ఇంకా నిలిచే ఉంది. జనం ముందుకు తోసుకొచ్చారు.

"మసి పూసి సూపాలన్న ఉపాయం నాది కాదు, బాలస్వామి సార్‌ది," అన్నాడు రామచంద్రం.

దొర మురిసిపోయి బాలస్వామి మసిచేతిని పట్టుకుని ఊపాడు. "పెద్ద పంతులు మీరే!"

జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా రామచంద్రమే కొట్టాడు. దొంగా అని నలుగురిలో నిలబెట్టి తిట్టినా బాగుండేది. థూ, మంచితనంలో కూడా వీడే పైచేయా అని బాలస్వామి లోలోపల కుళ్లిపోయాడు.