తుమ్మలపాటి ఏసోబు

గల్ఫ్‌కెళ్ళి, లుసైల్ అనే నగరంలో థార్న్‌టన్ అనే ఇంగ్లీషు ఇంజనీరుకు డ్రైవరుగా చేరిన రోజే ఏసోబు పేరు పోయింది. తుమ్మలపాటి ఏసోబు అనడానికి నోరు తిరగక, దొర "టామ్" అని పిలవడం మొదలుపెట్టాడు.

ఒకనాడు ట్రాఫిక్‌లో ఆగినప్పుడు దొరే గొప్పగా చెప్పుకొచ్చాడు. థార్న్‌టన్ అంటే ముళ్ళచెట్ల ఊరట. తాతముత్తాతలది ఆ ఊరే కాబట్టి అదే ఇంటిపేరయిందట. ఏసోబుకు కడుపు మండింది. తనదీ ముళ్ళచెట్ల ఊరే. ఆ తుమ్మలపాడు రిజర్వాయరు కింద మునిగిపోయింది. మిగిలింది ఇంటిపేరొక్కటే.

"రేపట్నించి మా ఊరి పేరుతో పిలవండి సార్," అన్నాడు. దొర నవ్వేశాడు.

"పేరుదేముంది భాయ్, నౌకరీ పోతది," అన్నాడు ఆ రాత్రి సంగతంతా విని, రూములో కలిసి ఉండే ముస్తఫా.

"పోనీలే. ఊరు పోయేటప్పుడు నన్నెవరూ అడగలేదు. పేరు మాత్రం పోనియ్యను."

మర్నాడు దొర కారెక్కి, "యల్లా, టామ్, పోనియ్," అన్నాడు. ఏసోబు తాళం తిప్పలేదు. ముందుకే చూస్తూ కూర్చున్నాడు. కారు లోపల ఎండకు కాగిపోతోంది. దొర మళ్ళీ పిలిచాడు, కసిరాడు, చెమట తుడుచుకున్నాడు. చివరికి, "తుమ్మ..." అన్నాడు.

"ఇంకా ఉంది సార్," అన్నాడు ఏసోబు, తాళం ముట్టుకోకుండానే.