మంచి రోజు కోసం దాచిన పెట్టె

టోర్కెల్ పెట్టెను బల్ల మీద పెట్టి, చేతులు రెండూ వెనక్కి కట్టుకొని నిలబడ్డాడు. లెక్క దిద్దించుకోవడానికి వచ్చిన పిల్లాడిలా ఉన్నాడు గానీ అతనికి ముప్పై నాలుగేళ్ళు. నోర్‌షోపింగ్ ఊళ్ళో ట్రాము నడుపుతాడు.

"ఏమంటారు జడ్జిగారూ?"

గున్‌వోర్ కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుంది. పెట్టెను చేతిలోకి తీసుకోలేదు. దాన్ని చుట్టిన ప్లాస్టిక్ పొర అతుకు వెంట బొటనవేలితో నెమ్మదిగా రాసింది. మూల దగ్గర ఆగింది. మళ్ళీ వెనక్కి వచ్చింది.

"దీన్ని ఎవరో ఒకసారి విప్పారు."

"సీలు ఉందిగా!"

"ఉంది. ఫ్యాక్టరీ సీలు కాదు. వాళ్ళు మడత అడుగున వేస్తారు. ఇది పక్కన ఉంది. ఎవరో ఇంట్లో కూర్చొని వేడి గాలి పట్టించి అతికించారు. ప్యాకెట్లన్నీ తూకం వేసి, బరువైనవి తీసుకొని, తేలికవి మళ్ళీ సర్దిపెట్టి ఉంటారు. డబ్బిచ్చేశావా?"

"ఇంకా లేదు. మీకు చూపించి ఇస్తానని తెచ్చాను."

"బతికావు. ఎవరిది వాళ్ళకు ఇచ్చెయ్."

గదిలో అందరూ నవ్వారు. పాత నూలు మిల్లు రెండో అంతస్తులో ఆ గది వాళ్ళ కార్డుల సంఘానిది. వారం వారం గురువారం సాయంత్రం కలుస్తారు. ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెప్పాలంటే ఇది: పెట్టెలో ముప్పై ఆరు ప్యాకెట్లుంటాయి, ప్యాకెట్‌కు పదిహేను కార్డులు. ఎనిమిది మంది గుండ్రంగా కూర్చొని తలా ఒక ప్యాకెట్ విప్పుతారు. నచ్చిన కార్డు ఒకటి ఉంచుకొని మిగతావి పక్కవాళ్ళకు అందిస్తారు. అలా మూడేసి ప్యాకెట్లు తిరిగాక, చేతికొచ్చిన కార్డులతో పోటీ పడతారు. పెట్టె మంచిదైతే సాయంత్రం పండుతుంది. కాకపోతే పెట్టె డబ్బూ, సాయంత్రమూ రెండూ పోతాయి. అందుకే ఏ పెట్టె విప్పాలో తేల్చే పని తొమ్మిదేళ్ళుగా గున్‌వోర్‌దే. ఆమె కాగితం మిల్లు ప్రయోగశాలలో నాణ్యత చూసే ఉద్యోగి. పంపవచ్చు, ఆపాలి అనే రెండు మాటలతో ఇరవై ఆరేళ్ళు నెట్టుకొచ్చిన మనిషి.

టోర్కెల్ అంత తేలిగ్గా వదలలేదు. "సరే, ఇది దొంగ సీలు. అసలు సీలున్న 'బంగారు తుఫాను' పెట్టె దొరికితే? మన సంఘానికి పదిహేనేళ్ళు నిండుతున్నాయి. వచ్చే గురువారం పండగ. ఆ పెట్టెలో ఖరీదైన కార్డు ఒక్కటి తగిలితే చాలు, అది అమ్మి అందరం గోత్‌లాండ్ దీవికి వెళ్ళి రావచ్చు."

"ఒక్క కార్డు తగిలితే. మిగతా అయిదు వందల ముప్పై తొమ్మిది కార్డుల సంగతేంటి?"

"అవి... ఉంటాయి."

"ఉంటాయి. చెత్తబుట్టలో. నాయనా, ఒక కార్డు కోసం విప్పేది లాటరీ టికెట్. ఏ ప్యాకెట్ విప్పినా, చివరి కార్డు దాకా ఏది ఉంచుకోవాలా అని తలపట్టుకునేట్టు చేస్తుందే, అదీ పెట్టె."

"అలాంటి పెట్టె ఎక్కడుంది మరి?"

ఆ ప్రశ్నకు గదిలో అందరికీ జవాబు తెలుసు. నర్సుగా పనిచేసే నస్రీన్ కాఫీ కప్పు కింద పెట్టింది. సంఘంలో గున్‌వోర్‌తో ఉన్నదున్నట్టు మాట్లాడగలిగింది ఆమె ఒక్కతే.

"మీ ఇంట్లో ఉంది గున్‌వోర్. 'ఉత్తర తీరం' పెట్టె."

"ఆ పెట్టె సంగతి వేరు."

"వేరే అని నాకూ తెలుసు. అడగకుండా ఉండలేక అడిగాను. నువ్వు వద్దంటే వద్దు. ఇంకెవరూ ఎత్తరు ఆ మాట."

"ఆదివారం చూసి చెబుతాను," అంది గున్‌వోర్.

చూసి చెప్పడానికి అందులో ఏముందో ఆమెకే తెలియదు. ఆ పెట్టె కొన్నది ఆమె భర్త సిక్స్‌టెన్. ఎనిమిదేళ్ళ కిందట, ఇద్దరూ కలిసి కోపెన్‌హాగన్ వెళ్ళినప్పుడు. రైల్లోనే విప్పుదామంది ఆమె. "మంచి రోజు రానీ పొట్టీ," అన్నాడు. ఆ తర్వాత ప్రతి పుట్టినరోజుకూ, ప్రతి మిడ్‌సమ్మర్ పండక్కూ అడిగింది. ఇంకా మంచి రోజు రాలేదనేవాడు. ఈ ఏడాది ఆగస్టు పన్నెండున, తోటలో గూస్‌బెర్రీలు కోస్తూ కోస్తూ సిక్స్‌టెన్ పోయాడు. పెట్టె పుస్తకాల బీరువా మీదే ఉండిపోయింది.

ఆదివారం పొద్దున కాఫీ తాగి, కప్పు కడిగి, వంటింటి మెట్ల స్టూలు తెచ్చి పుస్తకాల బీరువా ముందు వేసింది. అంత ఎత్తున ఎందుకు పెట్టాడో ఆమెకు మొదటి నుంచీ తెలుసు. ఆమెకు అందితే ఆ రోజే విప్పేస్తుందని. పది వారాలుగా ఆ బీరువా మీద వస్తువు ఏదీ ఆమె కదపలేదు. సిక్స్‌టెన్ చేతులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. స్టూలు రెండో మెట్టు మీద నిలబడి కాసేపు వాటివైపు చూస్తూ ఉండిపోయింది. దిగిపోదామనే అనుకుంది. నస్రీన్‌కు ఫోన్ చేసి వద్దని చెబితే సరిపోతుంది, కారణం కూడా అడగదు.

అప్పుడు బుగ్గకు వెచ్చగా తగిలింది.

బీరువా వెనక గోడ వెంట ఒక గొట్టం పై అంతస్తుకు పోతుంది. గదుల్ని వెచ్చగా ఉంచే రేడియేటర్లకు వేడినీళ్ళు తీసుకెళ్ళే గొట్టం. ఆ వారమే ఊరంతా ఇళ్ళకు వేడినీళ్ళు వదిలారు. పెట్టె సరిగ్గా ఆ గొట్టానికి ఆనుకొని ఉంది.

"ఓరి నాయనో," అంది గున్‌వోర్ గట్టిగానే.

పెట్టెను కిందికి దించి వంటింటి బల్ల మీద, కిటికీ వెలుతురులో పెట్టింది. ఇది సిక్స్‌టెన్ పెట్టె కాదు, ఎవరో తెలియనివాళ్ళు తెచ్చి చూడమన్న పెట్టె అనుకొని మొదలుపెట్టింది. అతుకు అడుగున ఉంది, ఫ్యాక్టరీదే. ఎవరూ విప్పలేదు. కానీ ప్లాస్టిక్ పొర బిగుసుకుపోయి మూలల్ని లోపలికి లాగేసింది. మూత మీద స్కేలు నిలువుగా ఆనించి చూసింది. నడుమ భాగం మూడు మిల్లీమీటర్లు పైకి లేచి ఉంది.

కాగితం సంగతి ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. కాగితం ఎండిపోతే ముడుచుకుంటుంది. ఒకవైపు మెరుపు పూత ఉంటే ఆ వైపు ముడుచుకోదు, రెండోవైపు ముడుచుకుంటుంది. కార్డు దొప్పలా వంగుతుంది. ముందుగా వంగేవి మెరుపు కార్డులే. ఎనిమిది చలికాలాలు ఈ గొట్టం పక్కన గడిచాయి. ఇంకో రెండు గడిస్తే ఈ పెట్టెలో కార్డుల్ని కలపడానికి కూడా కుదరదు. సీలు అలాగే ఉంటుంది, బయటినుంచి చూసినవాళ్ళు అబ్బో అంటారు, లోపల సరుకు ఉండదు.

"ఎనిమిదేళ్ళు, ఆ గొట్టం పక్కన," అంది, ఎదురుగా ఖాళీగా ఉన్న కుర్చీతో. "కాగితం మిల్లులో పనిచేసే పెళ్ళాన్ని ఇంట్లో ఉంచుకొని. ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయిందయ్యా మహానుభావా? నాకు అందకుండా దాచడానికి మనకు వేరే చోటే లేదా?"

అన్నాక నవ్వొచ్చింది. ఆ ఇంట్లో ఆమె నవ్వి చాలా రోజులైంది. కళ్ళు తుడుచుకొని స్కేలు సొరుగులో పెట్టింది.

మధ్యాహ్నం మాల్మో నుంచి ఫోనొచ్చింది. పాత పెట్టెలు కొని అమ్మే వ్యాపారి. సెప్టెంబరు నుంచి ఇది మూడోసారి.

"మేడమ్, ఒక్కటే చెబుతాను, సీలు మాత్రం తియ్యకండి. సీలుంటే అది ఆస్తి. తీశారంటే రంగు కాగితాలు."

"లోపల ఎలా ఉన్నాయో మీకు తెలుసా?"

"తెలియకపోవడమే కదండీ దాని విలువ!"

"నాకు తెలుసు," అంది గున్‌వోర్. "ఇంక ఫోన్ చెయ్యకండి. గురువారం విప్పుతున్నాం."

గురువారం మిల్లు గదిలో దాల్చినచెక్క రొట్టెలు వాసనేస్తున్నాయి. సంఘంలో ఇంతకాలం తొమ్మిది మంది. బల్లకు ఎనిమిది మందే పడతారు కాబట్టి ఎప్పుడూ ఒకరు ఆడకుండా కాఫీ చూసుకునేవారు. ఆ రోజు వంతు ఎవరిదని ఎవరూ అడగలేదు. అందరూ కూర్చున్నారు, సరిపోయింది. గున్‌వోర్‌కు కుడిపక్క కుర్చీ ఒకటే మిగిలింది. సిక్స్‌టెన్ కూర్చునే చోటు. పద్నాలుగేళ్ళు అతను అందించిన కార్డులే అందుకుంది. ఏది ఉంచుకున్నాడో, ఏది వదులుకున్నాడో, ఆమె చేతికొచ్చిన వాటిని బట్టే చెప్పేసేది.

టోర్కెల్ ఆ కుర్చీ వీపు పట్టుకొని నిలబడ్డాడు.

"నేను వేరే చోటికి జరగనా?"

"ఎక్కడికి జరుగుతావు, కిటికీలోకా? కూర్చో. మంచి కార్డులు అందించడం నేర్చుకో."

ఆమె గోటితో పొర చీల్చింది. పెట్టె తెరుచుకున్నప్పుడు వచ్చిన చిన్న చప్పుడుకు అందరూ ముందుకు వంగారు. గున్‌వోర్ ఒక ప్యాకెట్ విప్పి కార్డుల్ని బల్ల అంచున నిలబెట్టి చూసింది. కొద్దిగా వంగాయి. కొద్దిగానే. అనుకున్నంత.

"ఆడవచ్చు," అంది. "పంచు నస్రీన్."

మొదటి రెండు ప్యాకెట్లు తిరిగేసరికి అందరూ తలలు పట్టుకున్నారు. ప్రతి చేతిలోనూ ఉంచుకోదగ్గవి నాలుగు, ఉంచుకోగలిగేది ఒకటి. దంతవైద్యం చేసి రిటైరైన ఇంగ్వే ఒక్కో కార్డుకు నిమిషం తీసుకుంటున్నాడు. "పన్ను పీకేటప్పుడు ఇంత ఆలోచించావా ఎప్పుడైనా?" అంది నస్రీన్. "పళ్ళు ఇంత కష్టంగా ఉండేవి కావు," అన్నాడు ఇంగ్వే.

మూడో ప్యాకెట్ విప్పి టోర్కెల్ అలాగే ఉండిపోయాడు. మనసులోది ముఖంలో కనబడకుండా దాచుకోవడం అతనికి చేతకాదు. చెవులు ఎర్రబడ్డాయి. ఒక కార్డు పైకి లాగాడు, మళ్ళీ లోపల పెట్టాడు. ఇంకో కార్డు తీసుకొని, మిగతా పద్నాలుగూ గున్‌వోర్‌కు అందించాడు.

అన్నిటికన్నా పైన బూడిద గుడ్లగూబ ఉంది.

ఆ పెట్టెలో దొరకగలిగిన వాటిలో అత్యంత ఖరీదైన కార్డు అది. వెండి మెరుపుతో, అంచులు కిందికి వంగి బోర్లించిన చిన్న పడవలా ఉంది. మాల్మో వ్యాపారి దాన్ని చూస్తే కుర్చీలోంచి లేచేవాడు. ఆటలో మాత్రం అది పెద్దగా ఉపయోగపడదు. నీటి వర్గానిది, బల్ల మీదికి దింపేసరికి సగం ఆట అయిపోతుంది. టోర్కెల్ పేర్చుకుంటున్నవి అగ్ని కార్డులు. గుడ్లగూబను వదిలి అతను ఉంచుకున్నది ఏమిటో ఆమెకు చేతిలోని వాటిని చూస్తేనే తెలిసిపోయింది. పది క్రోనాలు కూడా చెయ్యని చిన్న అగ్గిపిట్ట కార్డు.

వాళ్ళ సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. ఆట అయ్యాక అరుదైన కార్డులన్నీ బల్ల మీద పరుస్తారు. గెలిచినవాళ్ళు మొదట, తర్వాతివాళ్ళు తర్వాత, వరసగా ఒక్కొక్కటి తీసుకుంటారు. కాబట్టి ఆశపడి దాచుకునే పని లేదు. అయినా కళ్ళ ముందు అంత ఖరీదున్నప్పుడు చెయ్యి ఆగడం కష్టం. బంగారు తుఫాను కావాలన్న మనిషి చెయ్యి ఆగింది.

"నీకు బుద్ధి వచ్చిందే," అంది కార్డుల మీద నుంచి తల ఎత్తకుండా.

"మంచివి అందించమన్నారుగా జడ్జిగారూ."

"ఇది మంచిది కాదు. ఖరీదైనది."

ఆమె తన అడవి కార్డు ఒకటి తీసుకొని గుడ్లగూబను ఎడమవైపు అందించింది. నస్రీన్ ఈల వేసి అందించింది. ఇంగ్వే నిమిషమున్నర చూసి, నిట్టూర్చి అందించాడు. అది బల్లంతా తిరిగింది. ఎనిమిది చేతులు దాటి, తొమ్మిదో వంతుకు మళ్ళీ టోర్కెల్ దగ్గరికే వచ్చేసింది.

"ఏంటిది, నా దగ్గరికే వచ్చింది!"

గది ఘొల్లుమంది. ఇంగ్వే బల్ల మీద తల వాల్చి నవ్వాడు. పదిహేనేళ్ళలో అలా ఎన్నడూ జరగలేదు. ఇక్కడ సిక్స్‌టెన్ ఉంటే ఈ కథ వచ్చే పదేళ్ళూ ప్రతి గురువారం చెప్పి ఉండేవాడని గున్‌వోర్ అనుకుంది. ఇకముందు తనే చెప్పాలి. చెబుతుంది.

చివరికి నస్రీన్ గెలిచింది, అందరూ కేకలు వేస్తుండగా గుడ్లగూబనే తీసుకుంది. "నర్సు జీతం మీకేం తెలుసు," అంది. గున్‌వోర్ నాలుగో స్థానంలో నిలిచి, తాను చాలాకాలంగా వెతుకుతున్న ఒక నాచు పట్టిన ఎలుగుబంటిని తీసుకొని తృప్తిగా జేబులో వేసుకుంది.

కుర్చీలు సర్దుతూ టోర్కెల్ పెట్టెలోకి తొంగిచూశాడు. ఎనిమిది మంది మూడేసి విప్పినా ఇంకా పన్నెండు ప్యాకెట్లున్నాయి.

"వీటినేం చేద్దాం? దాచుకుంటారా?"

గున్‌వోర్ కోటు బొత్తాలు పెట్టుకుంది. ఆగస్టు నుంచి ఆమె ఇంటి గడప ఎవరూ తొక్కలేదు. ఎవరినీ పిలవలేదు.

"దాచేది లేదు. పన్నెండంటే నలుగురికి సరిపోతాయి. నువ్వు, నస్రీన్, ఇంగ్వే, నేను. ఆదివారం రెండు గంటలకు, మా ఇంట్లో. గూస్‌బెర్రీ జామ్ చాలా ఉంది, ఎవరో ఒకరు తినాలి."

"ఆదివారమేనా? అంత తొందరేంటి?"

"రేడియేటర్లకు వేడి వదిలారు," అంది గున్‌వోర్, పెట్టెను చంకలో పెట్టుకొని. "ఇంకొంచెం కూడా వంగనివ్వను."