అక్క షాపులో వెతుకులాట పందెం

ఏడు నెలలుగా ఆ పన్నెండుమందీ ఒకే విషయం మీద కొట్టుకుంటున్నారు. కత్తులతో కాదులెండి, ఈమెయిళ్ళతో. కంప్యూటరు తెరవగానే కనిపించే డెస్క్‌టాప్‌ని, ఫోల్డర్లూ మెనూలూ మూలనున్న గడియారంతో సహా, ఉచితంగా తయారుచేసి లోకం మీద వదిలే స్వచ్ఛంద బృందం వాళ్ళది. రాసిన కోడ్ అంతా బయటే ఉంటుంది. ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు, తిట్టొచ్చు. చివరి హక్కునే జనం ఎక్కువగా వాడుకుంటారు.

గొడవ ఏమిటంటే, ఆ డెస్క్‌టాప్‌లో ఫైళ్ళు వెతికిపెట్టే పని ఎవరికి అప్పజెప్పాలి, ఫైళ్ళ గురించిన వివరాలు ఎక్కడ దాచాలి అని. పాతదాని పేరు బీరువా. కొత్తదాని పేరు మెరుపు. వచ్చే విడుదలలో రెండిట్లో ఒక్కదానికే చోటు.

బీరువాని రాసినాయన పగలు ఒక ఆస్పత్రిలో ఎక్స్‌రే యంత్రాలు బాగుచేస్తాడు. బృందంలో అందరూ ఆయన్ని బీరువా బాబాయి అంటారు. ఆయనకి నలభై నాలుగేళ్ళే, అయినా తొమ్మిదేళ్ళుగా ఒకే కోడ్‌ని సాకుతున్నవాణ్ణి అన్నయ్య అనడానికి ఎవరికీ నోరు రాలేదు. మెరుపుని రాసింది పరాయివాడైతే బాబాయికి ఇంత మంట ఉండేది కాదు. రాసింది సొంత బావమరిది. ఇంకా చెప్పాలంటే వాణ్ణి చెయ్యి పట్టుకుని ఈ బృందంలోకి తీసుకొచ్చింది కూడా బాబాయే. "కుర్రాడు చురుకైనవాడు, కాస్త ఓపిక పట్టండి" అని అప్పట్లో అందరికీ సిఫారసు చేశాడు. అందరూ ఓపిక పట్టారు. ఇప్పుడు బాబాయికే అది కరువైంది.

రెండింటి తీరూ వేరు. బీరువా కంప్యూటరంతా తిరిగి, ఏ ఫైల్లో ఏముందో చదివి, అన్నీ తెచ్చి ఒకే పెద్ద నిల్వలో సర్దుకుంటుంది. మాటలు, తేదీలు, మనం పెట్టుకున్న గుర్తులు, రాసుకున్న వ్యాఖ్యలు, అన్నీ అందులోనే. మెరుపు అంత సంసారం పెట్టుకోదు. వెతకడానికి కావలసిన జాబితా ఒక్కటి చకచకా కట్టుకుని కూర్చుంటుంది. నువ్వేమైనా రాసుకోవాలంటే ఆ ఫైల్లోనే రాసుకో, నా నెత్తిన పెట్టకు అంటుంది. అచ్చం రాసినవాడి బుద్ధే అని బాబాయి తన భార్య దగ్గర అన్నాడు. ఆమె రెండు రోజులు మాట్లాడలేదు. తమ్ముణ్ణంటే ఎవరు ఊరుకుంటారు?

ఈమెయిళ్ళలో బాబాయి సిద్ధాంతాలు చెప్పేవాడు. అన్నీ ఒకచోట ఉంటే క్రమశిక్షణ అనేవాడు. అసలు కారణం మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే స్వార్థం అంటారని భయం. అసలు కారణం బాబాయి సొంత అక్క.

అక్కకి కుట్టు షాపు ఉంది. కుట్టిన ప్రతి కోటునీ గౌనునీ ఫోటో తీసి కంప్యూటర్లో పెట్టుకుంటుంది. కొలతలు పుస్తకంలో ఉంటాయి. పుస్తకంలో పట్టనివి ఫోటో పక్కన ఉండే చిన్న గడిలో రాసుకుంటుంది. ఆ గడి బాబాయి ఆవిడ కోసమే చేసిపెట్టాడు, తరవాత అదే అందరికీ వెళ్ళింది. "ఎడమ భుజం అరంగుళం దిగువ. పైకి అనకూడదు, బాధపడుతుంది." "నడుము ముప్ఫై అంటుంది. ముప్ఫై మూడు కుట్టి ముప్ఫై అని చెప్పాలి." "కుడి జేబులో పెన్నులు పెడతాడు, అవి కారతాయి. లోపల మందపాటి గుడ్డ." ఇలాంటివి తొమ్మిదేళ్ళలో ఆరువేల పైచిలుకు. ఆ రాతలన్నీ ఉన్నది బీరువాలో. మెరుపు గెలిచిన రోజున అవి కనబడకుండా పోతాయి. అక్క షాపుకి వచ్చేవాళ్ళు రెండోసారి రావడానికి కారణం ఆ రాతలే. అందుకే బాబాయి అంత మొండికేశాడు.

విడుదల పనులు చూసేది ఒక పళ్ళ డాక్టరు. బృందంలో ఆవిడ మాటకి తిరుగులేదు, ఎందుకంటే అందరి చేతా నోరు తెరిపించి, తరవాత మూయించడం ఆవిడకి అలవాటైన విద్య. నాలుగువందల పన్నెండో ఈమెయిలు తరవాత ఆవిడ రెండు వాక్యాలు రాసింది: "ఇక వాదనలు చాలు. మనలో ఎవరిదీ కాని కంప్యూటర్లో రెండిటికీ పందెం పెడదాం."

"మా వదిన షాపు కంప్యూటరు ఉంది. అందులో ఏ ఫైలుకీ పేరు సరిగ్గా ఉండదు. అంతకన్నా మంచి పరీక్ష దొరకదు" అని బావమరిది రాశాడు. వదిన అంటే బాబాయి అక్కే.

బాబాయికి నెత్తిన పాలు పోసినట్టయింది. అక్క రాతలు మెరుపుకి కనబడవు. వెతకమన్న మొదటి నిమిషంలోనే తాడోపేడో తేలిపోతుంది. వెంటనే సరే అన్నాడు. అంత తొందరగా ఆయన సరే అనడం ఏడు నెలల్లో అదే మొదటిసారి.

ఆదివారం పొద్దున పదింటికి ఇద్దరూ షాపుకి వెళ్ళారు. కత్తిరించే బల్ల మీద చాక్ ముక్కలు, మెడకి టేపు చుట్టుకున్న చెక్కబొమ్మ, కిటికీ పక్కన కుట్టు మిషను, దానికి ఆనుకుని కంప్యూటరు. డాక్టరు వీడియో కాల్లో తెర మూలనుంచి చూస్తోంది.

"మీ గొడవ మీరు పడండి, నాకు మధ్యాహ్నానికి రెండు కోట్లు కుట్టి ఇవ్వాలి" అంది అక్క మిషను మీంచి తలెత్తకుండా.

"నిన్ను ఇబ్బంది పెట్టం వదినా. మూడు ప్రశ్నలు అడుగు చాలు. ఎవరు ముందు చెప్తారో చూద్దాం" అన్నాడు బావమరిది.

"నా ప్రశ్నలకి మీ అన్నయ్యే ఎప్పుడూ సరిగ్గా జవాబు చెప్పలేదు. కంప్యూటరు చెప్తుందా?" అంది అక్క. అన్నయ్య అంటే అక్క భర్త. ఆయన వెనకగదిలో గుండీలు వేరుచేస్తూ, విననట్టు ఉండిపోయాడు.

పందేనికి నియమాలున్నాయి. ఎప్పుడో ఎనిమిదేళ్ళ కిందట బాబాయే రాసిపెట్టిన పట్టిక అది. డాక్టరు పైకి చదివింది.

"ఒకటి. ఎవరికీ ముందస్తు లాభం ఉండకూడదు. పాత నిల్వలు తుడిచేసి రెండూ సున్నా నుంచి మొదలుపెట్టాలి."

"తుడిచేశా" అన్నాడు బాబాయి.

ఆవిడ వాక్యం పూర్తికాకముందే ఆయన వేళ్ళు ఆ పని చేసేశాయి. తుడవడం ఆ బృందంలో పళ్ళు తోముకోవడంలాంటిది. వెతుకులాట నెమ్మదించిందని ఎవరు మొరపెట్టుకున్నా బాబాయి ఇచ్చే జవాబు ఒకటే: "నిల్వ తుడిచేయండి, అదే మళ్ళీ కట్టుకుంటుంది." ఇన్నేళ్ళలో వందలమందికి చెప్పాడు. తన కంప్యూటర్లో వారానికోసారి తానూ తుడుస్తాడు. ఎన్నడూ ఏదీ పోలేదు. పోవడానికి ఏముంది? ఆ చిన్న గడి కట్టిన మనిషి అందులో తనకోసం ఒక్క ముక్క కూడా ఎప్పుడూ రాసుకోలేదు.

మెరుపు ఆరు నిమిషాల్లో జాబితా కట్టుకుంది. బీరువాకి నలభై ఒక్క నిమిషం పట్టింది. ఈలోపు బావమరిది ఒక కుర్చీలో ఈల వేస్తూ కూర్చున్నాడు.

"బావా, టీ తాగొద్దామా? మీది లేచేలోగా వచ్చేయొచ్చు."

"నువ్వు తాగు. నేను ఇక్కడే ఉంటా" అన్నాడు బాబాయి. ఆయన ముఖంలో చిరాకు లేదు. చేతిలో తురుపు ముక్క ఉన్నవాడు తొందరపడడు.

అక్క మొదటి ప్రశ్న అడిగింది. "పోయిన మార్చిలో తీసిన ఫోటోలు." మెరుపు రెప్పపాటులో చూపించింది. బీరువా గొంతు సవరించుకుని చూపించింది. రెండోది, "షాపు బోర్డు కోసం టైపు చేసుకున్న కాగితం." మళ్ళీ మెరుపే ముందు. బావమరిది కాలు మీద కాలు వేసుకున్నాడు.

"మూడోది నీ రాతల్లోంచి అడుగు అక్కా" అన్నాడు బాబాయి మెత్తగా.

"అయితే, ఎడమ భుజం దిగినవాళ్ళందర్నీ తీయి. రేపు అలాంటి ఆవిడే ఒకావిడ వస్తోంది."

మెరుపులో కొట్టారు. సున్నా. బాబాయి వెనక్కి వాలి, చొక్కా సర్దుకుని, బీరువాలో అదే మాట కొట్టాడు.

సున్నా.

మళ్ళీ కొట్టాడు. 'భుజం' అని ఒక్కమాటే కొట్టాడు. 'నడుము' అని కొట్టాడు. 'జేబు' అని కొట్టాడు. అన్నిటికీ సున్నా. అప్పుడు గానీ తన వేళ్ళు గంట కిందట ఏం చేశాయో ఆయన బుర్రకి ఎక్కలేదు. ఫైళ్ళలో ఉన్నవన్నీ బీరువా మళ్ళీ చదువుకుని కట్టుకుంది. అక్క రాసినవి ఏ ఫైల్లోనూ లేవు. తుడిచిన చోటే కొత్త నిల్వ కట్టి కూర్చుంది కాబట్టి తవ్వి తీయడానికీ ఏమీ మిగల్లేదు.

"సున్నా ఎలా వచ్చింది?" అంది డాక్టరు.

బాబాయి ఒక ఫోటో పక్కనున్న గడి తెరిచాడు, ఖాళీ. బావమరిదికి అర్థమైంది. కాలు మీదనుంచి కాలు తీసేశాడు. ఏడు నెలలుగా బావని ఏడిపించడానికి ఎదురుచూసినవాడే, ఆ క్షణాన వదిన వైపు తిరిగాడు.

"వదినా, ప్రతి నెలా డ్రైవులోకి కాపీ తీసుకుంటావు కదా. అది ఒకసారి ఇవ్వు" అన్నాడు.

డ్రైవు పెట్టి చూశారు. ఫోటోలన్నీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. పక్కన గడులు మాత్రం ఖాళీ. ఎందుకుంటాయి? ఫోటో ఎక్కడికి పోయినా రాత బీరువాలోనే ఉండిపోయేది. అలా కట్టింది బాబాయే.

మిషను ఆగింది. అక్క వచ్చి వెనక నిలబడింది. చెప్పక తప్పలేదు.

"అక్కా, నువ్వు రాసినవన్నీ పోయాయి. నేనే తుడిచేశాను."

అక్క కాసేపు తెరకేసి చూసింది.

"ఫోటోలున్నాయిగా మరి?"

"ఫోటోలున్నాయి. రాతలు వేరేచోట ఉండేవి."

"వేరేచోటేంటి? నేను ఫోటో వెనకాల రాస్తున్నాననుకున్నాను. ఫోటోకి కాపీ తీస్తే అదీ వస్తుందనుకున్నాను. అందుకేగా నెలనెలా తీసింది. వేరేచోట ఉంటుందని ఒక్క ముక్క చెప్పొచ్చుగా. తొమ్మిదేళ్ళు రా."

బాబాయి బిక్కచచ్చిపోయి కూర్చున్నాడు. బాధ ఉంది, సిగ్గు అంతకన్నా ఎక్కువ ఉంది. అక్కకి తెలియక పొరపాటు పడిందని ఎవరైనా అనొచ్చు. కానీ ఆవిడ అనుకున్నదే సరైన పద్ధతి. ఫోటో గురించిన మాట ఫోటోతోనే ఉండాలి. పోతే మళ్ళీ కట్టుకోగలిగింది వేరు, మనిషి కూర్చుని రాసుకుంది వేరు. రెండింటినీ ఒకే అరలో పెట్టి, పైన 'తుడిచేయొచ్చు' అని చీటీ అంటించింది తను.

"డాక్టరుగారూ, నా ఓటు మెరుపుకి" అన్నాడు.

"బావా, ఆగు. వేడిలో అనేశావు" అన్నాడు బావమరిది.

"వేడీ లేదు, చల్లా లేదు. వెతకడం నీ మెరుపు చూసుకుంటుంది. ఆ గడిలో రాసింది నేరుగా ఫైల్లోనే పడేలా నేను రాస్తా. బీరువాని తీసేయండి."

"తీసేముందు" అంది డాక్టరు నెమ్మదిగా, "ప్రపంచంలో ఇంకా ఎంతమంది ఆ గడిలో రాసుకుని ఉంటారో? వాళ్ళ రాతలన్నీ ఫైళ్ళలోకి చేర్చేదాకా విడుదల లేదు. ఆ పని మీ బావాబావమరుదులిద్దరిదీ." తరవాత గొంతు తగ్గించి, "మీ అక్కగారికి నా తరఫున క్షమాపణ చెప్పండి. ఆ పట్టిక చదివింది నేనే" అంది.

చేర్చే పనికి మూడు నెలలు పడుతుందని బాబాయి అంతకుముందు అడ్డం తిరిగేవాడు. ఇద్దరూ కలిసి కూర్చుంటే పదహారు రోజులు పట్టింది. "తుడిచేయండి" అని తానిచ్చిన పాత జవాబులన్నిటి కిందా బాబాయి ఒక్కొక్కటిగా హెచ్చరిక అంటించాడు. మూడువందల నలభై జవాబులు. మధ్యలో రెండుసార్లు లేచి ముఖం కడుక్కున్నాడు.

పదిహేడో రోజు సాయంత్రం ఆస్పత్రి నుంచి నేరుగా షాపుకి వెళ్ళాడు. అక్క కుడుతోంది.

"నువ్వు చెప్పు, నేను కొడతా. మొదటి ఫోటో నుంచి" అన్నాడు తలవంచుకుని.

అక్క తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది. "ఆరువేలు రా."

"తెలుసు."

మొదలుపెట్టారు. సాయంత్రానికి నలభై, ఓపికుంటే యాభై. అక్క మిషను తొక్కుతూనే ఒకసారి తెరకేసి చూసి చెప్పేసేది. కొన్ని గడగడా వచ్చేవి. కొన్నిటి దగ్గర కళ్ళు మూసుకుని, చేత్తో గాలిలో భుజం గీసి గుర్తు తెచ్చుకునేది. కొన్నిటి దగ్గర, "లేదు, ఇది పోయింది" అనేది. అలాంటప్పుడు బాబాయి ఆ గడి ఖాళీగా వదిలేసేవాడు. మళ్ళీ తరవాతి ఫోటో.

మూడోవారంలో ఒక బూడిదరంగు కోటు వచ్చింది. బాబాయి దాన్ని దాటేయబోయాడు.

"ఆగాగు. అది నీదేగా" అంది అక్క.

"నాదానికేం రాస్తాంలే."

"పోయినవాటిలో అదీ ఉంది. రాయి." అక్క దారం కొరికి తెంచింది. "తమ్ముడు. తప్పు చేసిన రోజు మెడ ముందుకి వంగిపోతుంది. కాలరు వెనక అరంగుళం ఎక్కువ పెట్టాలి, లేకపోతే నొక్కుకుంటుంది."

బాబాయి వేళ్ళు ఆగిపోయాయి. ఆ కోటు కుట్టి ఆరేళ్ళయింది. ఏ రోజూ ఎక్కడా నొక్కుకోలేదు.

"ఇది కూడా రాయాలా అక్కా?"

"రాయి" అంది అక్క, కుర్చీ దగ్గరికి లాక్కుని. "ఈసారి ఎక్కడ రాస్తున్నావో నాకు చూపించి రాయి."