ఉల్టా పెట్టిన బంతి

కుంఠా నాకాలో టవల్ మగ్గాలు నడిపే సిద్ధరాములుకు కుడిభుజం కీలు మార్చి ఇంకా నెల కాలేదు. చెయ్యి మెడపట్టీలోనే ఉంది. ఆసుపత్రిలో తీసిన కొత్త ఎక్స్‌రేను భార్య యశోద కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టింది.

"ఇదేందయ్యా, ఉల్టా ఉన్నది?"

పాత ఎక్స్‌రే తెచ్చి పక్కన పెట్టింది. అందులో చేతి ఎముక తల బంతిలా గుండ్రంగా ఉంది, వీపు పక్కనుండే రెక్క ఎముకకు గుంట ఉంది. కొత్తదాంట్లో లోహపు బంతి రెక్క ఎముకకే బిగించి ఉంది, గిన్నెలాంటి గుంట చేతి ఎముక మీదికి వచ్చింది.

"నువ్వే తిప్పి పట్టుకున్నవేమో," అన్నాడు సిద్ధరాములు.

ఎటు తిప్పినా అంతే.

ఎదురింటి గంగాధర్ చూసి పెదవి విరిచాడు. "మా అన్నకు తుంటి మార్చిండ్రు వదినా. బంతి కాలు ఎముకకే పెట్టిండ్రు. ఇది తప్పే. అడిగితే ఒప్పుకుంటరా?"

అప్పట్నుంచి భుజంలో ఏ చిన్న సలుపు వచ్చినా ఏదో ఊడినట్టే తోచేది సిద్ధరాములుకు. ఆపరేషన్ చేసిన డాక్టరు "అంతా మంచిగైంది" అని గబగబా వెళ్లిపోవడం కూడా ఇప్పుడు దాపరికంలా అనిపించింది.

"చేసినోడు కప్పిపుచ్చుకుంటడు. వేరే డాక్టర్‌కు చూపిద్దాం. ఉల్టా ఉన్నదని నువ్వేం చెప్పకు," అంది యశోద.

కొంతం చౌక్ దగ్గర డాక్టర్ ప్రాజక్త ఎక్స్‌రే చూడగానే, "రివర్స్ భుజం. బరాబర్ కూసున్నది," అంది.

"రివర్స్ అంటే ఉల్టానే, మీరే అంటున్నరు గద!" అంది యశోద.

"కావాలనే ఉల్టా పెడ్తరమ్మా. భుజం గుంట లోతుండదు, పళ్లెంల నిమ్మకాయ పెట్టినట్టు. చుట్టున్న చిన్న కండల కొసలే బంతిని పట్టుకుంటయి. మీ ఆయనకు అవి తెగిపోయినయి. మామూలుగ పెడితే బంతి పైకి జారుతది, చెయ్యి లేవదు. ఇట్ల పెడితే పైనున్న ఈ పెద్ద కండ ఒక్కటే చెయ్యిని లేపుతది."

"మరి మాకు ముందే ఎందుకు చెప్పలే?"

"చెప్పాల్సిందే," అంది డాక్టర్ మెల్లగా.

"డాక్టర్లంత ఒక్కటే," అని బయటికొచ్చాక గొణిగింది యశోద.

పట్టీ తీసి, కసరత్తు మొదలైన కొన్నాళ్లకు ఋతుజ అనే ఫిజియో చెయ్యి ఎత్తమంది. ఏడాదిగా ఛాతీ దాటని చెయ్యి నుదుటిదాకా లేచింది. సిద్ధరాములు నవ్వేశాడు. యశోద నవ్వలేదు.

"ఎనకకు పెట్టు," అంది మొగుడితో.

చెయ్యి నడుము పక్కనే ఆగిపోయింది.

"దీంట్ల ఎనకకు అంతగ పోదు," అంది ఋతుజ.

"ఇది గూడ ఇప్పుడే చెప్పబట్టిరి!" అంటూ యశోద మొగుడి భుజం మీద అరచెయ్యి ఆనించింది. లోపల ఆ పెద్ద కండ ఎట్లా బిగుస్తుందో తనే చూడాలని.

"మళ్ల ఎత్తు," అంది.