కాగ్నా వేసిన మేట

కాగ్నా ఏరు పొంగిన రోజు అనంతయ్య తాండూరు సంతలో ఉన్నాడు. గొర్రెపిల్లలను అమ్ముకుని వచ్చేసరికి ఏటి ఒడ్డున మంద లేదు. దాన్ని గట్టుకు మళ్ళించబోయిన భార్య కాశమ్మా లేదు. కొన్ని గొర్రెలు దిగువన తుమ్మకంపల్లో చిక్కుకుని దొరికాయి. కన్నడం మాట్లాడే ఊళ్ళ దాకా వెతికినా కాశమ్మ జాడ తెలియలేదు.

నీళ్ళు తీశాక అతని చేను మీద మోకాలి లోతు ఒండ్రు మేట వేసి ఉంది. నల్లగా, వెన్నలా మెత్తగా ఉంది.

"గీ మట్టిల జొన్న మస్తుగ పండుతది అనంతా. పదునారకముందే దున్నుకో," అన్నాడు పక్కచేను ఎంకయ్య.

అనంతయ్య ఊ కొట్టాడు గానీ నాగలి ముట్టలేదు. కర్రు దేనికి తగులుతుందోనని అతని భయం.

ఆ రోజుల్లోనే నాగేశ్వర్ ఏటి కోతను చూడటానికి వచ్చాడు. తాండూరు వ్యాపారుల కుటుంబంవాడు, హైదరాబాదులో భూగర్భశాస్త్రం చదివి సున్నపురాయి సర్వేలో పని చేస్తున్నాడు. అనంతయ్య అతని దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు.

"సారూ, గీ మట్టంత మొన్నటి నీళ్ళు తెచ్చిందేనా?"

"పైది మొన్నటిదే. కింద ఎర్రగ గులకరాళ్ళ పొర ఉంది సూడు, అది ఏనాటిదో. గసుంటి మట్టిని పాతకాలం దొరలు డైలూవియం అన్నరు. లోకాన్నంత ముంచిన ప్రళయం మిగిల్చిపోయిన మట్టి అని దానర్థం."

"నిజంగనే ప్రళయం వచ్చిందా?"

"లేదు. వాళ్ళ దేశంల మంచుగడ్డలు, మన దిక్కు ఏర్లు, ఏండ్లకేండ్లు కొంచెం కొంచెం తెచ్చి పోసినయ్. అది తెలిసినంక ఆ మాటను వాడుడు బందు పెట్టిన్రు."

అనంతయ్య కాసేపు ఆ ఎర్రపొర వైపే చూశాడు. "మరి ప్రళయంల మునిగినోళ్ళు ఆ మట్టిల దొరికిన్రా?"

ఆ ప్రశ్నకు నాగేశ్వర్‌కు హుషారొచ్చింది. "మస్తు దేవులాడిన్రు. ఒకాయనకు బొక్కలు దొరికితే, గప్పుడు మునిగిన మనిషి ఎముకలేనని లోకమంత చాటిండు. ఆయన సచ్చినంక తేలింది, అవి నీళ్ళల్ల ఉండే బల్లిలాంటి జీవానివని!" అంటూ నవ్వాడు.

"పాపం, ఎంత ఆశపడ్డడో," అన్నాడు అనంతయ్య.

పక్కచేలో ఉన్న ఎంకయ్య వచ్చి నాగేశ్వర్‌ను పక్కకు పిలిచి కాశమ్మ సంగతి చెప్పాడు. నాగేశ్వర్ ముఖం మాడిపోయింది. "నాకు తెల్వదు అనంతయ్యా," అన్నాడు తిరిగొచ్చి.

"మీకెట్ల తెలుస్తది సారూ. ఒక్కటి చెప్పున్రి. ఏరు కొట్టుకపోయినోళ్ళను యాడ ఇడుస్తది?"

"వడి తగ్గిన కాడ బరువు దించుతది. మట్టిని దించినట్లే..." నాగేశ్వర్ చప్పున ఆగిపోయాడు. అతని కళ్ళు మేట వేసిన చేనువైపు తిరిగాయి. అనంతయ్య కూడా అటే చూస్తున్నాడు.

వారం తిరక్కుండానే బంట్వారం నుంచి కాశమ్మ తల్లి బుగ్గమ్మ వచ్చింది. గడపలో కూర్చుని, నీళ్ళైనా తాగకుండా, "చేను దున్ను అల్లుడా," అంది. కన్నతల్లే ఇంత తొందరగా మనసు రాయి చేసుకుందా అనుకున్నాడు అనంతయ్య. ఎదురు చెప్పలేక మర్నాడు ఎడ్లను కట్టాడు.

రెండు చాళ్ళు వేసి వెనక్కి చూస్తే బుగ్గమ్మ చెప్పుల్లేకుండా చాలు వెంబడే వస్తోంది. తిరగబడిన ప్రతి మట్టిపెళ్ళనూ చేత్తో నలిపి చూస్తోంది. అనంతయ్య ఎడ్లను ఆపేశాడు.

"అత్తా, గిందుకేనా దున్నమన్నవ్?"

"తవ్వుత అంటె పిచ్చిదాన్నంటరు. దున్నితె ఎవ్వలేమంటరు?" ఆమె తలెత్తలేదు. "జర మెల్లగ తోలు బిడ్డా."

అతను మెల్లగా తోలాడు. చేనంతా అయ్యేదాకా ఆమె మట్టి నలుపుతూ వెంట నడిచింది. వేర్లు వచ్చాయి, నత్తగుల్లలు వచ్చాయి. ఒకచోట ఆకుపచ్చ చేతిగాజు ముక్క వచ్చింది. బుగ్గమ్మ దాన్ని కొంగుతో తుడిచి వెలుగుకు పట్టి చూసింది. "మనదానిది కాదు. ఎవల బిడ్డదో," అని గట్టు మీద పెట్టింది. అప్పటిదాకా బిగబట్టుకున్న అనంతయ్య నాగలి మేడి మీద తల ఆనించి ఏడ్చాడు.

ఆ ఏడు జొన్న మనిషెత్తు పెరిగింది. ఆ మట్టిలో పండింది నోట పెట్టలేక అనంతయ్య ఒక్క గింజా ఇంట్లో ఉంచుకోకుండా అంతా తాండూరుకు తోలేశాడు. బుగ్గమ్మ మళ్ళీ బంట్వారం పోలేదు. అల్లుడికి కొని తెచ్చిన జొన్నలతో రొట్టెలు చేసి పెడుతూ ఆ ఇంట్లోనే ఉండిపోయింది.