మూడుసార్లు తోక ఊపే పిట్ట

లెక్చరర్ గారు ప్రతి ఆదివారం పత్రికలో "నా ఉదయపు నిశ్శబ్దం" అనే శీర్షిక రాస్తారు. ఆ ఉదయాల్లో ఆయన దుప్పటి ముసుగు తీసిన పాపాన పోలేదు. చెరువుకు వెళ్ళేది భార్య. పదిహేనేళ్ళుగా, తెల్లవారగానే పాలగిన్నె మీద మూత పెట్టి, స్వెటర్ తొడుక్కుని వెళ్ళి, ఒడ్డునున్న చెక్కబల్ల మీద ముప్పావుగంట కూర్చుని వస్తుంది. వచ్చాక గుడ్లు వేయిస్తూ, చూసినవన్నీ చెబుతుంది. ఆయన టీ తాగుతూ "ఊఁ, ఆ తర్వాత?" అంటూ రాసుకుంటారు.

ఇన్నాళ్ళూ ఆవిడ దాన్ని పట్టించుకోలేదు. మగవాడు ఇంట్లో ఉన్నంతసేపూ ఏదో ఒకటి రాసుకుంటూ ఉంటే వంటగదికి ప్రశాంతత అనుకుంది.

శీతాకాలపు సెలవులు మొదలైన ఆదివారం ఆయన రెండు పనులు చేశారు. "నా శ్రీమతి ప్రపంచం పొయ్యి దగ్గరే ఆగిపోయింది. ఈ నిశ్శబ్దం ఆమె చెవిన పడదు" అని రాశారు. చివర్లో, పాఠకుల సౌకర్యం కోసం, చెరువుకు దారీ బల్లకు గుర్తులూ ఇచ్చారు.

మొదటిది చదివి ఆవిడ పత్రికను నాలుగు మడతలు పెట్టి, గుడ్ల పెంకులు అందులో పోసింది. రెండోదాని ఫలితం సోమవారం పొద్దున కనిపించింది. చెరువుగట్టు మీద పాతికమంది. ఒకరి ఫోనులో వేణువు, ఇంకొకరి ఫోనులో వాళ్ళ తోడల్లుడు. కొంగలు ఎప్పుడో అవతలి ఒడ్డుకు సర్దుకున్నాయి. బల్ల మీద ఒక పెద్దమనిషి ఫ్లాస్కు పక్కన పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ముక్కుతో బుసలు కొడుతున్నాడు.

ఆవిడ బల్ల కొసన కూర్చోబోయింది. ఆయన ఒక కన్ను తెరిచాడు.

"అమ్మా, కాస్త అటు నిలబడతారా? లెక్చరర్ గారు రోజూ కూర్చునే చోటిది."

"రోజూనా?"

"పదిహేనేళ్ళుగానట. మీరు పేపరు చదవరు కాబోలు. ఇక్కడ మాట్లాడకూడదమ్మా, మౌనంగా ఉండాలి."

తన బల్ల దగ్గర తననే నోరు మూసుకోమన్నారు. ఆవిడ నోరు మూసుకునే ఇంటికి వచ్చింది. దారంతా ఆ అవమానాన్నే నెమరేసుకుంది. ఇంటికి చేరేసరికి అందులోంచి ఒక పిట్ట తయారైంది.

"ఇవాళ కొత్త పిట్టని చూశానండీ," అంది పెనం మీద గుడ్డు కొడుతూ. లెక్చరర్ గారు కలం మూత తీశారు.

"బూడిదరంగు. బుగ్గన పసుపు మచ్చ. వచ్చీరాగానే గొంతు ఉబ్బించి, మూడుసార్లు తోక ఊపి, చుట్టూ ఎవరు చూస్తున్నారో చూసుకుంటుంది. తర్వాత పక్క పిట్ట గూట్లో దూరి, ఇదేం గూడు అన్నట్టు పుల్లలు పీకి పారేస్తుంది."

ఇవన్నీ ఆయన అక్కగారి లక్షణాలు. ఆవిడకి బొత్తిగా శూన్యంలోంచి కల్పించడం చేతకాదు.

"ఎక్కడో చూసినట్టే ఉందే," అన్నారాయన.

"చూసే ఉంటారు. మీది మామూలు పరిశీలనా!"

"చెరువు దగ్గరేనా?"

"కాదండీ, బట్టల మిల్లు వెనక గుంట దగ్గర."

"ఆ మురుగు గుంటా?"

"చెరువు దగ్గర జనం ఎక్కువైపోయారు కదా. పాపం, అక్కడికి మారినట్టుంది."

మరుసటి ఆదివారం పిట్ట పత్రికకెక్కింది. సోమవారం పొద్దున్నే పాఠకులను తానే స్వయంగా గుంట దగ్గరకు తీసుకెళతాననీ, తర్వాత అందరికీ తమ ఇంట్లో టీ అనీ కూడా రాశారు. ఆవిడ సంతోషంగా కప్పులు లెక్క చూసుకుంది. ఇరవైమంది ముక్కులు మూసుకుని గంటసేపు నిలబడి, ఏమీ చూడకుండా, విసుగ్గా తన ముందుగదిలోకి వస్తారు. అప్పుడు ట్రే పట్టుకుని వెళ్ళి మెల్లగా చెప్పాలి: "ఆ పిట్ట నా పొయ్యి దగ్గరే పుట్టిందండీ." ఆ రోజంతా గిన్నెలు తోముతూ ఆ వాక్యాన్నీ తోమింది.

సోమవారం ఆయనకి మఫ్లరు చుట్టి పంపించి, ఆవిడ చెరువుకు వెళ్ళింది. గట్టు మీద ఎవరూ లేరు. మంచు నీళ్ళ మీదనుంచి పొరలు పొరలుగా లేస్తోంది. తుంగపొదల్లో సాలెగూళ్ళన్నీ తడిసి బరువెక్కాయి. కొయ్య మీద నీటికాకి రెక్కలు రెండూ విప్పి, దండెం మీద చొక్కాలా కదలకుండా ఆరుతోంది. లకుముకి పిట్ట ఒక్క మునక వేసి, చేపతో లేచింది. ఆ చప్పుడు ఎంత చిన్నదో! అయినా చెరువంతా విన్నట్టే అనిపించింది. చలికి చేతులు చంకల్లో పెట్టుకుని, ఆవిడ చాలాసేపు అన్నీ మరిచిపోయింది. గాలి తిరిగి మిల్లు వైపు నుంచి చిన్న కంపు వచ్చినప్పుడు మాత్రం గుర్తొచ్చి, మనసారా నవ్వుకుంది. ఆ ఆనందంలో సగం చెరువుది, సగం గుంటది.

తొమ్మిదింటికి ముందుగది నిండిపోయింది. ఆవిడ ట్రే పట్టుకుని వెళ్ళింది. వాక్యం నాలుక చివర ఉంది.

"చూశామమ్మా!" అన్నాడు ఫ్లాస్కు పెద్దమనిషి. "అవతలి గోడ మీద."

"నేనూ చూశాను, కాస్త మసగ్గా," అంది ఇంకొకావిడ. "బుగ్గన మచ్చ కూడా కనపడింది."

లెక్చరర్ గారి మొహం వెలిగిపోతోంది. "గొంతు ఉబ్బించింది. మూడుసార్లు, సరిగ్గా మూడుసార్లు తోక ఊపింది. నీకు చెబితే అర్థం కాదులే. అక్కడుండి చూడాలి."

ఆవిడ ట్రే చేతుల్లోనే ఉంచుకుని లెక్క వేసుకుంది. వాక్యం వదిలితే ఈ ఇరవై మొహాలూ ఒక్కసారిగా వాడిపోతాయి. ఆ మొహాలు చూడాలని ఎంతగానో ఉంది. కానీ పిట్ట ఇప్పుడు చస్తే, వీళ్ళంతా రేపు పొద్దున తన చెరువుకే తిరిగొస్తారు. పైగా ఆయన ఒక్కరోజు తలదించుకుని, మర్నాటినుంచి మళ్ళీ కలం పట్టుకుని గుడ్ల దగ్గర కూర్చుంటారు. అది చాలా చిన్న శిక్ష.

ఆవిడ వాక్యాన్ని మింగేసి, కప్పు అందించింది.

"మూడుసార్లే ఊపిందా అండీ?"

"మూడే. ఏం?"

"అయితే అది మగది. ఆడది నాలుగు ఊపుతుంది. అది దొరకడమే కష్టం. సెలవులన్నీ వెళ్ళాల్సి ఉంటుందేమో మీరు."

లెక్చరర్ గారు టీ పక్కన పెట్టి, రాసుకున్నారు.