మిడత మోకాలు

సాయంత్రం ఆటకి వెళ్లే దారిలో మిడత వాళ్ల నాన్న గడియారాల కొట్టు ముందు సైకిలు ఆపి, లోపలికొచ్చి స్టూలు మీద కాలు చాపుతుంది. ఆయన కంటికున్న భూతద్దం తీసి పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, కూతురి మోకాలి చిప్ప కింద అరచెయ్యి ఆనిస్తాడు. నొప్పి ఆయన మోకాల్లోకి వచ్చేస్తుంది. పిల్ల లేచి గ్రౌండుకి వెళ్లిపోతుంది. కొట్లో ఎవరైనా కూర్చుని ఉంటే ఆ కాసేపూ తమ వాచీ సంగతి అడక్కుండా ఓపిక పడతారు.

వాళ్లింట్లో నొప్పులు మార్చుకోవడం కొత్తేం కాదు. పరీక్షలప్పుడు పిల్ల తలనొప్పి అమ్మ పుచ్చుకునేది. కూతురు పుట్టినప్పుడు పురిటినొప్పుల్లో సగం తనే పుచ్చుకున్నానని నాన్న ఇప్పటికీ చెప్పుకు తిరుగుతాడు. సగమెక్కడ, చిటికెడు తీసుకోగానే కళ్లు తేలేశాడని అమ్మ అంటుంది. ఈ మోకాలి నొప్పి మాత్రం ఆయన వాటాకే వచ్చింది. అమ్మ బట్టల షాపులో రోజంతా నిలబడాలి. ఆయనది కూర్చుని చేసే పని.

పిల్లకి మిడత అని పేరు పెట్టింది వాలీబాల్ కోచ్. నెట్ దగ్గర అది ఎగిరితే అవతలి జట్టు బంతిని వదిలేసి దాన్నే చూసేది. అలా ఎగిరి ఎగిరి చిప్ప కిందున్న టెండన్ దెబ్బతింది. అది చిప్పని కాలి ఎముకకి కట్టి ఉంచే తాడులాంటిదనీ, పూర్తిగా పడుకోబెడితే బలం పోతుందనీ, మరీ లాగితే తెగుతుందనీ ఫిజియో విడమరిచి చెప్పింది.

"కొంచెం నొప్పిలోనే చెయ్యాలి. పెరిగితే ఆపెయ్యాలి. మర్నాడు పొద్దుటికి సర్దుకోకపోతే ఆట బంద్," అందామె. "నొప్పి ఎవరి దగ్గరున్నా నాకు అభ్యంతరం లేదు. కబురు మాత్రం సరిగ్గా అందాలి."

అందుకని మంచినీళ్లకి ఆపినప్పుడల్లా మిడత కొట్టుకి ఫోన్ చేసేది.

"నాన్నా, ఎలా ఉంది?"

"ఏముందే, చీమ కుట్టినట్టుంది."

"అయితే ఇంకాస్త పెంచనా?"

"పెంచు, పెంచు. నాకేం, కుర్చీలో కూర్చున్నాను."

మొదట్లో అది నిజమే. పెద్ద జట్టుకి ఎంపికలు దగ్గరపడ్డాక అబద్ధమైంది. పిల్ల అక్కడ గాల్లోకి లేచినప్పుడల్లా ఇక్కడ ఆయన పట్టకారులోంచి వాచీ మరలు జారి కింద దొర్లేవి. పళ్ల బిగువున ఫోన్ ఎత్తి అదే చీమ సంగతి చెప్పేవాడు. ఇంటికొచ్చాక నొప్పి తిరిగివ్వమంటే పిసరంత ఇచ్చి మిగతాది దాచుకునేవాడు. దెబ్బ తగిలిన కొత్తలో ఆట మానేసి గోడవైపు తిరిగి పడుకున్న కూతుర్ని చూశాడాయన. మళ్లీ అలా చూడటం తన వల్ల కాదు.

మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతున్న మొగుణ్ణి చూసి అమ్మ ఊరుకోలేదు.

"దానికి చెప్పండి."

"ఎంపికలయ్యాక చెప్తాలే. ఇప్పుడు చెబితే ఆపేస్తారు."

"ఆపడానికేగా నొప్పనేది ఉంది?"

అయినా ఆయన చెప్పలేదు.

ఎంపికల రోజున ఆయన కొట్లో కుర్చీ మీంచి కిందపడి కేక పెట్టాడు. పక్క కొట్టువాళ్లు పరిగెత్తుకొచ్చి, ఏమైందని అడగలేదు, గ్రౌండుకి ఫోన్ చేశారు. అక్కడ మిడత బంతి కొట్టి నేల మీదికి దిగింది. కాలు నిలవలేదు. జారిందనుకుని లేవబోయి మళ్లీ కూలబడింది. నొప్పి బొత్తిగా లేదు. చూసుకుంటే మోకాలి చిప్ప తొడవైపు జరిగిపోయి ఉంది.

డాక్టరు తెగిన టెండన్ కుట్టాడు. కట్టు విప్పాక ఫిజియో నాన్న వైపు తిరిగింది. "ఇక నొప్పి ఇచ్చెయ్యండి. అది కాల్లో లేకుండా నేను కాలు వంచను. ఎక్కడ ఆపాలో ఎవరు చెప్తారు? మీరా?"

ఆయన తల దించుకుని కూతురి మోకాలి మీద చెయ్యి వేశాడు. నొప్పి కదల్లేదు. మళ్లీ వేశాడు. ఇవ్వడానికి మనసొప్పుకోవాలి, కన్నకూతురికి నొప్పి ఇవ్వడానికి ఆ మనసు చచ్చినా ఒప్పుకోలేదు. "ఇస్తున్నానే, నిజంగా ఇస్తున్నాను," అంటూ చెమటలు కక్కేవాడు. రోజులు గడిచిపోతున్నాయి. కాలు బిగుసుకుపోయింది, తొడ పుల్లలా అయింది. ఫిజియో రావడం తగ్గించింది. కోచ్ జట్టులో దాని చోటు ఇంకో అమ్మాయికిచ్చి, పలకరించడం కూడా మానేశాడు.

ఒక మధ్యాహ్నం మెట్లు దిగుతూ మిడత పడిపోయింది. కాలు మడతపడిన సంగతి దానికి తెలియనే లేదు. నాన్న వచ్చి లేపబోతే చెయ్యి తోసేసింది.

"అప్పుడే నిజం చెప్పుంటే ఒక్క ఎంపిక పోయేది నాన్నా. మొత్తం ఆటే పోయింది. ఇప్పుడు నడక కూడా పోవాలా?"

గొంతు పెంచకుండా అడిగింది. ఆయన అక్కడే మెట్టు మీద కూర్చుని, గుండె రాయి చేసుకుని, చెయ్యి వేశాడు. దాచుకున్నదంతా ఒక్కసారిగా వెళ్లిపోయింది. పిల్ల అరుపుకి వీధిలో తలుపులు తెరుచుకున్నాయి, ఏం జరిగిందో తెలిసి మళ్లీ మూసుకున్నాయి.

మర్నాడు ఫిజియో వచ్చి కాలు వంచి చూసింది. చాలా ఆలస్యమైందంది. కష్టపడితే నడుస్తుంది, మెట్లెక్కుతుంది, ఎగరడం మాత్రం మర్చిపొమ్మంది.

ఆయన మోకాలు ఇప్పుడు హాయిగా ఉంది. ఆ హాయి ఆయనకి ఒంటికి పట్టడం లేదు. పని మీద ధ్యాస లేక పెందలాడే కొట్టు కట్టేసి వస్తాడు. ఆ వేళకి లోపలి గదిలో కూతురు కాలు వంచడం మొదలుపెడుతుంది. ఆగి ఆగి మూలుగు వినిపిస్తుంది, కాసేపటికి ఏడుపు. ఒకరోజు ఆయన లేచి గదివైపు అడుగు వేశాడు. అప్పటికే చెయ్యి ముందుకు చాచి ఉంది.

"కూర్చోండి," అంది అమ్మ.

ఆయన కూర్చున్నాడు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, లోపల ఏడుపు ఆగేదాకా అలాగే కూర్చున్నాడు.